కన్నంలో చెయ్యి

ఉసామి చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టాడు. ఒంటిగంటా ఇరవై.

"మూడూ పదికి రైలు. ఈ మనిషి నాతోపాటు ఎక్కుతున్నాడు. ఈలోగా ఏం పీక్కుంటావో పీక్కో, సార్జెంట్."

ఈ మనిషి అంటే రింజో. ముప్పై ఎనిమిదేళ్ల గుడి వడ్రంగి. తోగావా ఊరి పోలీసు ఠాణాలో, బల్లకి అవతల, బేడీలు పడ్డ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇవాళ పొద్దున ఆరూ నలభై అయిదుకి కొండమీద గుడి పక్కన ఉన్న వడ్రంగి కొట్టంలో అతని గురువు మినోబే పెద్దమేస్త్రి చచ్చిపోయి ఉన్నాడు. డెబ్భై ఒక్కేళ్ల ముసలాయన. గుడి ముందు నిలబెట్టబోయే తోరీ ద్వారానికి రెండు కొయ్య స్తంభాలు చెక్కారు. అడ్డుదూలం దూర్చడానికి ఒక స్తంభానికి తొలిచిన కన్నంలో ఆయన ఎడమచెయ్యి మోచేతిదాకా ఇరుక్కుని నుజ్జయిపోయింది. నిన్న సాయంత్రం నుంచి ఆ ఫిబ్రవరి చలిలో అలాగే ఉండిపోయాడు. శవాన్ని ఒళ్లో వేసుకుని కేక పెట్టినవాడు రింజో.

ఉసామి జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్. అతని గదిలోకి వెళ్లినవాడెవడూ నేరం ఒప్పుకోకుండా బయటికి రాలేదని పేరు. పోయినేడు ఒక పాలవాడు ఒప్పుకున్నాడు. నాలుగు నెలల తర్వాత అసలు దొంగ వేరే ఊళ్లో దొరికాడు. పాలవాడు ఇంటికొచ్చాడు గానీ అతని కుడిచేతి వేళ్లు అయిదూ అయిదు దిక్కులు చూస్తున్నాయి. ఉసామికి ప్రమోషన్ వచ్చింది. వడ్రంగి వేళ్లకి ఆ గదిలో ఏం గతి పడుతుందో సార్జెంట్ హిరుమాకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎన్నింటికి కొండ మెట్లెక్కావు?" అని అడిగాడు హిరుమా.

"ఆరూ ఇరవై."

"కేక ఎన్నింటికి పెట్టావు?"

"ఆరూ నలభై అయిదు."

"మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు ఏం చేశావు?"

రింజో నేలకేసి చూశాడు. "కన్నంలో దిగిన చీలని ఊడగొట్టాను. ఆయన చెయ్యి బయటికి తీద్దామని."

"ముందు కేక పెట్టొచ్చుగా?"

హిరుమా బల్లమీదకి వంగాడు.

"నువ్వెళ్లేసరికి ఆయన బతికున్నారా?"

రింజో తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. "రైలెక్కించండయ్యా. నన్నెందుకు అడుగుతారు? రైలెక్కించండి."

ఉసామి పగలబడి నవ్వాడు. "విన్నావా? ముద్దాయే టికెట్ అడుగుతున్నాడు. ఇంక నీ బాధేంటి? ఇతని కొయ్యసుత్తి మీద రక్తం. చొక్కా మీద రక్తం. నిన్న మధ్యాహ్నం అందరి ముందూ సుత్తి విసిరికొట్టి ఏమన్నాడు? 'నువ్వు చస్తేగానీ ఈ కొట్టంలో మనిషనేవాడు బతకడు' అన్నాడు. రాత్రి గడవలేదు, ముసలాడు చచ్చాడు."

"ఆ మాట ఆ కొట్టంలో పనిచేసినవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అన్నారు. నేను కూడా అన్నాను."

"ఆ, మర్చిపోయా. నువ్వు కూడా అక్కడ చిత్రిక పట్టినవాడివేగా, వడ్రంగి సారూ. ఎన్నేళ్లు?"

"నాలుగు." హిరుమా కుడిచేతి కణుపుల మీద తెల్లటి మచ్చ ఉంది. గీత వెంట్రుకవాసి వంకరపోయిందని మినోబే ఇనప మూలమట్టంతో కొట్టిన దెబ్బ. పంతొమ్మిదో ఏట పారిపోయి వచ్చి పోలీసుల్లో చేరాడు. ఆ ముసలాయన మీద అతనికి ప్రేమేమీ లేదు.

"సరే, ఒక్కటి చెప్పు," అన్నాడు ఉసామి. "శవం కుడిచేతికి జానెడు దూరంలో రంపం ఉంది. చెయ్యి ఇరుక్కున్నవాడు పక్కన రంపం పెట్టుకుని రాత్రంతా చలికి వణుకుతూ చస్తాడా? కన్నం అంచు కోసుకుని బయటపడడూ? పడలేదంటే ఆ రంపం తర్వాత వచ్చింది. తెచ్చింది వీడు."

"అది మూడొందల ఏళ్ల చెట్టండీ. కోస్తే స్తంభం పొయ్యిలోకే. ఆయన కొయ్యడు."

"చావనైనా చస్తాడు గానీ కొయ్యడా?"

"అవును."

ఉసామి అతన్ని ఎగాదిగా చూశాడు. "మీ కొండవాళ్లకి చలికి మెదడు గడ్డకడుతుందని విన్నాను. నిజమేనన్నమాట. పో, మూడింటికల్లా ఇంకో పేరు తీసుకురా. తేలేకపోతే నోరు మూసుకుని వీడి మూట కట్టు."

కొట్టంలో దీపం అక్కర్లేనంత వెలుతురుంది. బయటి మంచు మీద ఎండ పడి లోపలికి కొడుతోంది. హిరుమా తలుపు దగ్గరే నిలబడి ముందు కళ్లతో చూశాడు.

రెండడుగుల మందం స్తంభం దిమ్మల మీద అడ్డంగా పడుకుని ఉంది. కన్నం జానెడు వెడల్పు, మూరెడు పొడుగు, ఇటునుంచి అటు కనబడుతుంది. మినోబేకి ఒక అలవాటు. తొలిచిన కన్నంలోకి చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, లోపలి గోడల్ని వేళ్లతో తడిమి చూస్తాడు. కంటికి కనబడని వంకర వేలికి తెలుస్తుందనేవాడు. ఆయన కళ్లు మూసుకుని ఉండగా ఎవడో అటువైపు నుంచి నమూనా దూలం ముక్కని లోపలికి తోశాడు. దాని మీద చీల పెట్టి కొట్టాడు. మూడు దెబ్బలు చాలు.

చీల నేలమీద పడి ఉంది. హిరుమా దాన్ని రుమాలుతో తీసి వెలుతురుకి పట్టాడు. నాలుగు ముఖాల మీదా సుత్తి దెబ్బల గుంటలు, చేపపొలుసుల్లా దగ్గరదగ్గరగా.

కొయ్యని చంపడం అంటారు దీన్ని. చీలని నాలుగువైపులా బాది అణగ్గొడతారు. అణిగిన చీల సన్నబడి సులువుగా దూరుతుంది. తర్వాత తేమ తగిలితే చాలు, ఉబ్బి పీకపట్టు పడుతుంది. అందుకే ద్వారం నిలబెట్టే రోజు తప్ప చంపిన చీల ఎవరూ వాడరు. సరిచూసుకోవడానికైతే మామూలు చీల పెట్టి తీసేస్తారు. నిన్న ఇక్కడ ఏదీ నిలబెట్టలేదు. కన్నం కింద నేలమీద గడ్డకట్టిన నీళ్లున్నాయి. వాటిలో నాలుగు తేయాకులు ఇరుక్కున్నాయి. చీల కొట్టడమే కాదు, కెటిల్ ఎత్తి దాని మీద గోరువెచ్చటి టీ కూడా పోశాడు. తొందరగా ఉబ్బాలని.

కోపంతో ఊగిపోయేవాడు కూర్చుని చీలకి నాలుగు ముఖాలూ బాదడు. టీ పొయ్యడు. ఈ పని చేసినవాడు నిమ్మకు నీరెత్తినట్టు చేశాడు.

స్తంభం బయట ఒక్క రక్తపుచుక్క లేదు. ముసలాయన తన తలగుడ్డని పళ్లతో లాగి మోచేతి చుట్టూ ముడేసుకున్నాడు, నెత్తురు కొయ్య మీదకి కారకుండా. గుడ్డ ఇంకా దిమ్మ మీదే ఉంది, బిళ్లకట్టి. దేవుడి కొయ్యకి మైల అంటకూడదని చస్తూ చస్తూ ఆయన చేసిన పని అది. పొద్దున ఎనిమిదింటికి పూజారి వచ్చి తలుపు బయటినుంచే చూసి, చావు అంటిన స్తంభం పనికిరాదు, తగలబెట్టండి అని చెప్పి వెళ్లిపోయాడట. హిరుమాకి నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదు.

రంపం పళ్లు తుడిచి, నూనె రాసి, పిడి ముసలాయన వైపు తిప్పి పెట్టి ఉంది. విందులో చాప్‌స్టిక్స్ పెట్టినట్టు పద్ధతిగా. ఇష్టమైతే కోసుకో అని. కొయ్యడని తెలిసినవాడే అలా పెట్టగలడు. ఉసామికి అర్థంకాని హత్యాయుధం ఇదే.

హిరుమా వంగి కన్నం అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ రంపం ఆనించిన గీటు ఉంది. బియ్యపు గింజంత లోతు. ఎవరో కోత మొదలుపెట్టి ఆపేశారు. ముసలాయన అనుకుందామా? ఒంటిచేత్తో, చలికి కొయ్యబారిన వేళ్లతో మొదలుపెట్టిన గీటు వంకరటింకరగా పోతుంది. ఇది దారం లాగినట్టుంది. రెండు చేతులూ బాగున్నవాడి కోత.

అతను చాలాసేపు ఆ గీటునే చూశాడు. తర్వాత లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. ఆ సంగతి నోటుబుక్కులో రాయలేదు.

మెట్లు దిగుతుంటే డాక్టరు పంపిన మనిషి ఎదురొచ్చి చీటీ ఇచ్చాడు. రెండే వాక్యాలు. ప్రాణం పోయింది ఆరున్నర తర్వాత, ఏడుకి ముందు. ఆరున్నరకి వెచ్చటి గదిలోకి తెచ్చి ఉంటే చెయ్యి పోయినా మనిషి దక్కేవాడు.

రింజో మెట్లెక్కింది ఆరూ ఇరవైకి. ఈ చీటీ ఉసామి చేతిలో పడితే ఇక గదీ అక్కర్లేదు, ఒప్పుకోలూ అక్కర్లేదు. హిరుమా చీటీని నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచాడు. గడియారం రెండూ అయిదు చూపిస్తోంది.

మెట్ల అడుగున పాత రాతి ద్వారం. దాని పక్కనే తోమే అనే బామ్మ బియ్యప్పిండి ఉండల కొట్టు. ఎనభై ఏళ్ల మనిషి. కొట్టు తెరిచేది తెల్లవారుజామున అయిదున్నరకి. ఆమె కన్నుగప్పి కొండెక్కిన పిల్లి కూడా లేదు.

"బామ్మా, పొద్దున ఎవరెవరు ఎక్కారో చెప్పు."

"మళ్లీనా? ఆ పట్నం దొరకి చెప్పాగా. ఆరింటికి క్యోజీ ఎక్కాడు, పది నిమిషాల్లో దిగాడు. ఆరూ ఇరవైకి రింజో ఎక్కాడు. తర్వాత వాడి కేక. ఉండ తింటావా? వేడిగా ఉంది."

క్యోజీ మినోబేకి ఇల్లరికపుటల్లుడు. పదకొండేళ్ల కిందట ఇంటిపేరు మార్చుకుని కొడుకుగా చేరినవాడు. రోజూ ఆరింటికి కొట్టంలో పొయ్యి వెలిగించే పని అతనిదే.

"ఇవాళ పొగ కనబడిందా?"

"లేదు. అందుకే చూస్తున్నా, ఏమైందా అని. వచ్చినవాడు వచ్చినట్టే దిగిపోయాడు. అదీ ఆ కాలవ గట్టు మీంచి. జారి పడి నడుం విరగ్గొట్టుకుంటాడేమోనని భయమేసింది."

హిరుమా చేతిలోని ఉండ నోటిదాకా వెళ్లి ఆగింది. "కాలవ గట్టు మీంచా? ద్వారంలోంచి రాలేదా?"

"లేదయ్యా. ఎక్కేటప్పుడూ పక్కనుంచే, దిగేటప్పుడూ పక్కనుంచే. 'ఏమయ్యా క్యోజీ, ఎవరు పోయారు, మైల పట్టావా?' అని పరాచికమాడాను కూడా. విననట్టు తల దించుకుని పోయాడు."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావా?"

"ఎప్పుడెక్కారు, ఎప్పుడు దిగారు అని అడిగాడు. ఎటునుంచి అని అడగలేదు. అడగని మాట చెప్తే వాళ్లకి కోపం కదా." బామ్మ చేతిలో ఉండలు చుడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆ చేతులు ఆగిపోయాయి. "నాయనా, ఆరింటికి ఇంకా ఎవరికీ తెలీదు కదూ?"

"తెలీదు."

"మరి వాడికెలా..."

"ఉండ ఎంత బామ్మా?"

"డబ్బులొద్దు, పో, పో, తొందరగా పో."

తోగావాలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. తల్లో తండ్రో పోతే యాభై రోజులు దేవుడి ద్వారం కింద నుంచి నడవకూడదు. పక్కనుంచి చుట్టు తిరిగి పోవాలి. దాన్ని ఎవరూ ఆలోచించి చెయ్యరు. వేడి తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు కాళ్లే పక్కకి తిరుగుతాయి. క్యోజీ కాళ్లు కూడా తిరిగాయి. తండ్రి పోయాడని కబురు చెప్పింది ఏడూ అయిదుకి, ఠాణా జవాను. క్యోజీ కాళ్లకి ఆ కబురు గంట ముందే తెలుసు.

ఉసామికి ఇది చెప్తే ఏమంటాడో హిరుమాకి తెలుసు. మంచులో కాలు జారి పక్కకి పోయాడంటాడు. ముసలమ్మ మాట సాక్ష్యమా అంటాడు. ఒప్పుకోలు కావాలి. గడియారం రెండూ ఇరవై.

మినోబే ఇంటికి శవం ఇంకా రాలేదు. ముందుగదిలో క్యోజీ మడత నలగని దుస్తుల్లో కూర్చుని ఉన్నాడు. నలభై రెండేళ్లు, మెత్తటి గొంతు, గోళ్లలో మురికి లేదు. పెద్దమేస్త్రి కూతురు ఓరియే పక్కన కూర్చుని టీ పోస్తోంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది.

"పొద్దున మీరిచ్చిన వాంగ్మూలం ఇది," హిరుమా కాగితం తీశాడు. "ఆరింటికి కొండెక్కి గుడి ముందు దణ్ణం పెట్టుకున్నారు. కడుపులో నొప్పొచ్చి కొట్టంలోకి వెళ్లకుండానే దిగిపోయారు. అంతేనా?"

"అంతేనండి."

"రోజూ దణ్ణం పెట్టుకుంటారా?"

"పదకొండేళ్ల నుంచీ తప్పలేదు. నాన్నగారి ఆజ్ఞ."

"నిన్న నాన్నగారు ఇంకేదో కూడా అన్నారట. మీరు తొలిచిన కన్నం చూసి."

క్యోజీ చిరునవ్వు చెక్కుచెదరలేదు. "'ఇది కన్నం కాదు, ఎలకబొక్క' అన్నారు. కొట్టం రింజోకి అప్పజెప్తానన్నారు. పనివాళ్లందరి ముందూ. ఆయన నోటికి అలవాటే."

"మీకు బాధ లేదా?"

"ఇల్లరికపుటల్లుడికి బాధేమిటండీ? అన్నం పెడుతున్నారు కదా."

ఓరియే టీ కప్పు ముందుకు జరిపింది. హిరుమా తాగలేదు.

"క్యోజీ, ఆరింటికి ఎవరు పోయారని మైల పట్టావు?"

"అర్థం కాలేదు."

"రాతి ద్వారంలోంచి నడవలేదు. కాలవ గట్టు మీంచి, మంచులో, ఎక్కేటప్పుడోసారి దిగేటప్పుడోసారి. మైలలో ఉన్నవాడు నడిచే దారది. నీ సొంత తల్లిదండ్రులు నువ్వు చిన్నప్పుడే పోయారు. మిగిలింది ఒక్క తండ్రే. ఆయన పోయినట్టు ఊళ్లో ఎవరికీ తెలియని వేళ నీకెవరు చెప్పారు?"

క్యోజీ నోరు తెరిచాడు. "కాలు జారి..."

"రెండుసార్లూనా?"

ఓరియే చేతిలోని కెటిల్ చాప మీద పెట్టింది. చాలా మెల్లగా పెట్టింది. "నిన్న రాత్రి నాన్న పూజారిగారింట్లో మడిగా పడుకుంటాడని చెప్పావు," అంది భర్తతో. "ద్వారం నిలబెట్టే ముందు అలా పడుకోవడం మామూలే కదా అని ఊరుకున్నాను. దుప్పటి పంపుతానంటే వద్దన్నావు. చలి లేదన్నావు."

"ఓరియే, నువ్వు లోపలికెళ్లు."

"చలి లేదన్నావు!"

క్యోజీ భార్యకేసి చూశాడు, తర్వాత హిరుమాకేసి. ఆ మెత్తటి ముఖంలోంచి ఏదో జారిపోయింది. కింద ఉన్నది అలసిపోయిన, ఎండిపోయిన మనిషి.

"నేను చంపలేదు," అన్నాడు. గొంతు మాత్రం అలాగే మెత్తగా ఉంది. "చెయ్యి పట్టి ఉంచానంతే. రంపం పక్కన పెట్టాను. నూనె కూడా రాశాను. పదకొండేళ్లు నాతో ఏమనేవాడో తెలుసా? 'నీ చెయ్యి కన్నా కొయ్య విలువైంది రా' అని. నా వేళ్ల మీద ఉలి పిడితో కొట్టి అనేవాడు. మరి తన చెయ్యి సంగతేంటో చూద్దామనుకున్నాను. కోసుకుంటే బతుకుతాడు, ఊరంతా నవ్వుతుంది. కోసుకోకపోతే చస్తాడు. ఏదైనా నాకు సమ్మతమే. ఎంచుకున్నది ఆయన, నేను కాదు."

"అరవలేదా?"

"అరవడానికి పౌరుషం అడ్డొచ్చింది. తిట్టాడు. నేను తలుపేసి వస్తుంటే, చీల సరిగ్గా చంపలేదు రా అని తిట్టాడు."

ఓరియే లేచి గోడకి ఆనుకుని నిలబడింది. హిరుమాకి ఒప్పుకోలు వచ్చింది. అక్కడితో ఆగి బేడీలు వేసి ఉంటే సరిపోయేది. కానీ ఆ మెత్తటి గొంతు అతనికి పుండు మీద కారం చల్లినట్టుంది. వీణ్ణి పొడవాలి, లోపలిదాకా పొడవాలి అనిపించింది.

"రాత్రే పోయి ఉంటాడని మైల పట్టి, పొద్దున వెళ్లి చూశావు. తల వాలిపోయి ఉంది. పోయాడనే అనుకుని అలాగే దిగిపోయావు."

"అవును."

"పోలేదు రా. నీ అడుగుల చప్పుడు వినే ఉంటాడు. నువ్వు బతికున్నవాడికి మైల పట్టావు. డాక్టరు రాసిచ్చాడు, ఆరున్నర దాటేదాకా ప్రాణం ఉంది. అప్పుడు బయటికి తీసినా బతికేవాడు."

అనుకున్నట్టే క్యోజీ ముఖం పాలిపోయింది. అది చూసి హిరుమాకి తృప్తి కలిగింది. ఆ తృప్తి అయిదారు క్షణాలుంది. తర్వాత క్యోజీ పెదవులు కదిలాయి, లెక్క చూసుకుంటున్నట్టు.

"ఆరున్నర దాటేదాకానా?" అన్నాడు. "అప్పుడక్కడ రింజో ఉన్నాడు కదండీ."

"ఉన్నాడు," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఉసామి గుమ్మంలో నిలబడి బూట్ల మంచు దులుపుకుంటున్నాడు. వెనకాల తాడు కట్టిన రింజో, తాడు పట్టుకున్న జవాను. స్టేషన్‌కి దారి ఈ ఇంటి ముందు నుంచే. "పేరు తెచ్చావేమో కనుక్కుని పోదామని ఆగాను. బాగానే తెచ్చావు, వడ్రంగి సారూ, మెచ్చుకుంటున్నాను. ఆ డాక్టరు చీటీ ఇటివ్వు."

"అది నేను ఠాణాలో..."

"ఇటివ్వు."

హిరుమా ఇచ్చాడు. ఉసామి నాలుగు మడతలూ విప్పి చదివి, మళ్లీ మడిచి తన జేబులో వేసుకున్నాడు. నోరు జారిన మాటని వెనక్కి తీసుకునే ఉపాయం ఎవరికీ లేదు.

"రింజో," అన్నాడు ఉసామి. "నువ్వెళ్లేసరికి ముసలాయన బతికున్నాడా?"

"చెప్పకు," అన్నాడు హిరుమా. "నిన్ను ఎవరూ బలవంతపెట్టలేరు. నోరు మూసుకో."

రింజో హిరుమా మాట వినలేదు. అతను ఓరియేని చూస్తున్నాడు. ఆమె ముందు అబద్ధం ఆడలేనివాడిలా ఉన్నాడు.

"బతికే ఉన్నారమ్మా," అన్నాడు. "మాట్లాడారు కూడా."

"ఏమన్నాడు?" ఉసామి అడిగాడు.

"రంపం తీసి కన్నం అంచుకి ఆనించాను. ఒక్క లాగు లాగానో లేదో, కళ్లు తెరిచి 'ఆపరా వెధవా' అన్నారు. 'కొయ్య జోలికి పోకు. చీల కొట్టు, వస్తుంది' అన్నారు. రంపం ఎలా ఉన్నదలా పెట్టేసి చీల కొట్టాను. రాలేదు. ఉబ్బిపోయింది. మళ్లీ రంపం తీశాను. కళ్లెర్రజేశారు. దాన్ని ఉన్నచోటే పెట్టి మళ్లీ సుత్తి పట్టాను. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన మాట కాదనలేదమ్మా. చీల ఊడేసరికి చూపు ఆగిపోయింది. అప్పుడు కేక పెట్టాను."

"అంటే చేతిలో రంపం ఉంది, ముందు మనిషి చస్తున్నాడు, నువ్వు కొయ్యలేదు."

"కొయ్యలేదు."

"సహాయానికీ పిలవలేదు."

"ఎవరొచ్చినా స్తంభాన్ని కోసేస్తారని..." రింజో మాట మధ్యలోనే తెగిపోయింది. తను ఏమన్నాడో అతనికే వినబడినట్టుంది.

ఉసామి రెండో జత బేడీలు తీసి క్యోజీ మణికట్టుకి వేశాడు. క్యోజీ బుద్ధిగా చేతులు చాపాడు. "ఒకడు మొదలుపెట్టాడు, ఒకడు ముగించాడు. ఇద్దరికీ నా గదిలో చోటుంది. లేవండి."

"రింజోకి చంపే ఉద్దేశం లేదు!" హిరుమా అడ్డంగా నిలబడ్డాడు. "మీకూ తెలుసు. ఇది నేరమే కాదు. ఏ కోర్టు ముందైనా నేను చెప్తాను."

"చెప్పు. ముందు వీడేం చెప్తాడో నేను వింటాను. చనిపోయినవాడి కూతురుంది కదా ఇక్కడ, ఆవిణ్ణే అడుగు. ఆవిడ వద్దంటే వీణ్ణి ఇక్కడే వదిలేసి పోతాను. మాటంటే మాటే."

గదిలో అందరూ ఓరియే వైపు తిరిగారు. రింజో ఆ కొట్టంలో చేరినప్పుడు ఆమెకి పన్నెండేళ్లు. అన్నా అని పిలుస్తూ పెరిగింది. ఆడవాళ్లు కొట్టం గడప దాటకూడదు కాబట్టి రోజూ మధ్యాహ్నం అన్నపు డబ్బా అతని చేతికే ఇచ్చేది. హిరుమా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె వద్దంటుంది. ఒక్క మాట చాలు.

ఓరియే గోడ వదిలి రింజో ముందుకొచ్చి నిలబడింది.

"అన్నా, ఆ స్తంభం కొయ్యడానికి ఎంతసేపు పట్టేది?"

రింజో తల దించుకున్నాడు.

"నీకు తెలుసు. కొయ్య చూసి నిమిషాల్తో సహా చెప్తావు నువ్వు. చెప్పు."

"అయిదు నిమిషాలు."

"ఇరవై అయిదు నిమిషాలున్నావు."

"ఉన్నానమ్మా."

ఆమె చాప మీది కెటిల్ తీసుకుంది. హిరుమా చల్లారబెట్టిన టీని మళ్లీ కెటిల్‌లోకి ఒంపింది. లోపలి గదివైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే ఉసామితో అంది.

"ఇద్దర్నీ తీసుకెళ్లండి."